బార్డర్ భద్రమని సంతకం పెట్టేదెవరు?

2024 ఫిబ్రవరి 13 నాడు అమెరికా ప్రతినిధుల సభ తమ దేశ మంత్రి ఒకాయన మీద అభిశంసన పాస్ చేసింది. ఆయన పేరు అలెహాండ్రో మయోర్కస్. హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖ చూసేటోడు, మన లెక్కల చెప్పాలంటే హోం మంత్రి అసొంటి కొలువు. ఓట్లు 214కు 213. ఒక్క ఓటు తేడా. అమెరికాల 1876 తర్వాత ఒక క్యాబినెట్ మంత్రికి ఇట్ల కావుడు అదే మొదలు.

లంచం తిన్నడా అంటే, ఆ ముచ్చట చార్జీలల్ల లేదు. రెండు చార్జీలు పెట్టిండ్రు. ఇమ్మిగ్రేషన్ చట్టాలను కావాల్నని అమలు చేస్తలేడు అనేది ఒకటి. బార్డర్ భద్రంగనే ఉన్నది, మా కంట్రోల్‌లనే ఉన్నది అని సభకు అబద్ధం చెప్పిండు అనేది రెండోది. ఏప్రిల్ 17 నాడు సెనేట్ ఆ కేసును విచారణ లేకుండనే కొట్టేసింది. కేసు పోయింది గని ప్రశ్న పోలే. ఒక దేశం బార్డర్ భద్రంగున్నదా లేదా అనేది అబద్ధమో నిజమో ఎట్ల తేలుస్తరు? దానికి తక్కెడేంది, బాటేంది?

మనకెందుకు గీ ముచ్చట అని అనుకునే తమ్ముళ్లు జర ఓపిక పట్టుండ్రి. డాలస్‌ల గ్రీన్ కార్డు లైన్ల నిలబడ్డ మీ చిన్నాయిన కొడుకుకు, ఈ తక్కెడకు సంబంధం ఉన్నది. అక్కడికి వస్త.

ముందుగాల చట్టం సంగతి. 2006 అక్టోబర్ 26 నాడు జార్జి బుష్ 'సెక్యూర్ ఫెన్స్ యాక్ట్' మీద సంతకం పెట్టిండు. పద్దెనిమిది నెలల్ల బార్డర్ మొత్తం 'ఆపరేషనల్ కంట్రోల్'లకు రావాలె అని అండ్ల రాసిండ్రు. ఆపరేషనల్ కంట్రోల్ అంటే ఏందో కూడ రాసిండ్రు. చట్టవిరుద్ధంగ జరిగే ప్రవేశాలు 'అన్నీ' ఆగాలె. మనుషులు, టెర్రరిస్టులు, మత్తుమందులు, దొంగసరుకు, అన్నీ. కొన్ని కాదు, సగం కాదు, తొంభై తొమ్మిది శాతం కూడ కాదు. మెక్సికో దిక్కు బార్డరే 3,145 కిలోమీటర్లు. ఎడారి, గుట్టలు, రియో గ్రాండే నది, ఊర్లు, రోజూ లక్షల మంది చట్టబద్ధంగనే అటూ ఇటూ దాటే గేట్లు. అంత పొడుగుల ఏడాదికి ఒక్కడు దొంగతనంగ దాటినా ఆ చట్టం ప్రకారం కంట్రోల్ లేనట్టే.

2022 ఏప్రిల్‌ల ఒక టెక్సస్ సభ్యుడు ఇదే నిర్వచనాన్ని బోర్డు మీద రాసి మయోర్కస్ ముంగట పెట్టి, నీకు ఆపరేషనల్ కంట్రోల్ ఉన్నదా అని అడిగిండు. ఉన్నది అన్నడు ఆయన. మల్లొచ్చిన ఏడాది మార్చిల టెక్సస్‌ల ఒక విచారణ జరిగితే అప్పటి బార్డర్ పెట్రోల్ చీఫ్ రౌల్ ఓర్టిజ్‌ను అదే అడిగిండ్రు. లేదు అన్నడు ఆయన. ఆ తర్వాత మయోర్కస్, ఆ నిర్వచనాన్ని అక్షరం పొల్లుపోకుండ పట్టుకుంటే ఇప్పటిదాక ఏ సర్కారుకూ ఆ కంట్రోల్ లేనట్టే అని చెప్పుకున్నడు. నా లెక్కల ఈ మూడోదే నిజం. మొదటి జవాబు మాత్రం తప్పు. ఆ బోర్డు మీద 'అన్నీ' అని ఉన్నంక అవును అనొద్దు.

మక్క చేనుకు రాత్రి కావలి పోయినోళ్లకు ఈ తకరారు జల్ది సమజైతది. అడవి పందులు ఎన్నొచ్చినయో నీకు తెలుసునా? నువ్వు మంచె మీదికెళ్లి లైటు కొట్టి తరిమినవి తెలుసు. పొద్దుగాల పోయి అడుగులు చూసి, పడ్డ కర్రలు చూసి, ఇన్ని వచ్చిపోయినట్టున్నయి అని అంటవు. అడుగు పడని బండ మీదికెళ్లి వచ్చినవి లెక్కల్నే ఉండయి. నీకు నిద్ర పట్టిన రాత్రి చేన్ల పందులే రాలేదని రాసుకుంటవా? (మనుషులను పందులతోటి పోలుస్తలేను, లెక్క పెట్టే తరీఖ చెప్తున్న, అంతే.)

అమెరికా బార్డర్ కాడ కూడ తరీఖ గదే. దుబ్బ రోడ్ల మీద జీపు ఎనుక పాత టైర్లు కట్టి ఈడుస్తరు. మన్ను చదునైతది. మల్లొచ్చి చూసినప్పుడు దాని మీద అడుగులు పడితే ఎందరు దాటిండ్రో అంచనా కడతరు. దాటేటోళ్లు కూడ తక్కువోళ్లు కారు, కాళ్లకు కార్పెట్ ముక్కలు కుట్టిన జోళ్లు తొడుగుతరు, అడుగు పడకుంట. కెమెరాలు, సెన్సర్లు, డ్రోన్లు వచ్చినయి, నిజమే. అయినా దొరకకుండ పోయినోళ్ల లెక్క కనవడ్డంత మేరకే. కనవడనోన్ని ఎవ్వడూ లెక్క పెట్టలేడు.

చట్టం వచ్చినంక బార్డర్ పెట్రోల్ వాళ్లు ముందుగాల మైళ్ల తోటి కొలిసిండ్రు. ప్రతి మైలుకు ఐదు గ్రేడులల్ల ఒకటి ఇచ్చుడు. 2010 నాటికి దక్షిణ బార్డర్‌ల 873 మైళ్లు, అంటే 44 శాతం, కంట్రోల్‌లున్నయి అని చెప్పిండ్రు. అమెరికా పార్లమెంటుకు ఆడిట్ చేసే జి.ఎ.ఓ. అనే సంస్థ ఆ లెక్కను ఇప్పి చూసింది. ఆ 873ల గీత మీదనే కనిపెట్టి గీత మీదనే ఆపగలిగేది 129 మైళ్లు మాత్రమే. మిగిలినదంత లోపలికొచ్చినంక ఏడనో ఒకాడ పట్టుకునుడే. ఇగ ఈ అంకె బయటికి రాంగనే ఒకళ్లు 44 శాతమేనా అన్నరు, ఇంకొకళ్లు అసలుకు 7 శాతం కూడ లేదు కదా అన్నరు. సర్కారు ఏం చేసింది? 2010 తోటి ఆ కొలతనే బంద్ పెట్టింది. దానికి బదులు పట్టుకున్నోళ్ల సంఖ్య చూస్తం అన్నది. ఇంకో కొత్త సూచిక తయారు చేస్తున్నం అని కొన్నేండ్లు ఊరించి దాన్ని కూడ మూలకు పడేసిండ్రు.

పట్టుకున్నోళ్ల సంఖ్య చూసుడంటే ఏందో ఒక్కసారి ఆలోచించుండ్రి. 2000ల దక్షిణ బార్డర్‌ల 16 లక్షలకు పైన అరెస్టులు. 2011ల 3 లక్షల 27 వేలు. తగ్గినయి కాబట్టి భద్రం అన్నది సర్కారు. తగ్గినయంటే మీరు పట్టుకుంటలేరు అన్నది ప్రతిపక్షం. అరెస్టులు పెరిగితే అప్పుడు మాటలు ఉల్టా అయితయి. చూసినోళ్లు మస్తు పట్టుకున్నం అంటరు, చూడనోళ్లు మస్తుమంది వచ్చిండ్రు అంటరు. ఒకే అంకె, ఎటు తిప్పితే అటు తిరుగుతది.

దీనికి మందు అని ఒక ఫార్ములా తెచ్చిండ్రు. పేరు 'ఎఫెక్టివ్‌నెస్ రేటు'. పట్టుకున్నోళ్లు, ఎనుకకు మర్రి పోయినోళ్లు, వీళ్లిద్దరిని కలిపి పైన రాయాలె. పట్టుకున్నోళ్లు, మర్రి పోయినోళ్లు, తప్పించుకున్నోళ్లు, ముగ్గురిని కలిపి కింద రాయాలె. భాగిస్తే శాతం వస్తది. అరిజోనల టక్సన్ అనే సెక్టార్ ఈ లెక్కల 2006ల 67 శాతం, 2011ల 87 శాతం. ఇనడానికి బాగున్నది. కాని జి.ఎ.ఓ. వాళ్లే ఇంకో మాట రాసిండ్రు. మర్రి పోయినోడంటే ఎవడు, తప్పించుకున్నోడంటే ఎవడు అని ఒక్కో సెక్టార్ ఒక్కో తీరుగ రాసుకుంటున్నది, ఒకదానితోటి ఇంకొకదాన్ని పోల్చొద్దు అని.

దానికన్న పెద్ద తిరకాసు ఇంకొకటున్నది. కాగితం పెన్ను తీసుకోండ్రి. వంద మంది దాక్కుంట దాటే ప్రయత్నం చేసిండ్రు, ఎనభై మందిని ఆపిండ్రు. 80 శాతం. మల్లొచ్చే ఏడు గా వంద మంది వచ్చిండ్రు, మల్ల ఎనభై మందినే ఆపిండ్రు. వాళ్లతోని ఇంకో వంద మంది పిల్లాజెల్లలతోటి వచ్చి, మా దేశంల బతకలేం, శరణు ఇయ్యుండ్రి అని గీత దాటంగనే పోలీసోళ్లనే ఎతుక్కుంట పోయి నిలబడ్డరు. 2014 నుంచి సెంట్రల్ అమెరికా కుటుంబాలు చాలమంది చేసింది గిదే. వీళ్లందరు 'పట్టుకున్నోళ్ల' కిందనే లెక్క. ఇప్పుడు రెండు వందలకు నూట ఎనభై. 90 శాతం! తప్పించుకున్నోళ్లు నిరుడు ఇరవై, ఇప్పుడూ ఇరవై. వచ్చినోళ్లు డబల్. గని బార్డర్ మాత్రం పది శాతం ఎక్కువ భద్రమైంది, కాగితం మీద.

ఉల్టా కూడ ఉన్నది. 2020 మార్చిల కరోనా పేరు మీద 'టైటిల్ 42' పెట్టిండ్రు. దొరికినోన్ని కేసు లేదు ఏం లేదు, నేరుగ ఎనుకకు తోలుడే. శిక్ష లేదు కాబట్టి తెల్లారి మల్ల దాటిండ్రు. మల్ల తోలిండ్రు. ఒక్క మనిషి మూడు నాలుగు సార్లు దొరికితే మూడు నాలుగు లెక్క. టీవీలల్ల ఇన్ని లక్షల మంది వచ్చిండ్రు అని మోగింది. వాళ్లు ఎంచింది మనుషులను కాదు, ఘటనలను. మన వాట్సాప్ గ్రూపులల్ల తిరిగే అంకెలకు కింద 'మంది' అని ఉంటదా, 'ఎన్‌కౌంటర్లు' అని ఉంటదా చూసినోళ్లు ఎందరు?

ఈ ఫార్ములాల ఎక్కడా పట్టని ఒక లెక్కున్నది. సచ్చిపోయినోళ్లది. ఊర్ల దగ్గర గోడలు లేపి కావలి పెంచేటాల్లకు దాటేటోళ్లు ఎడారిలకు, గుట్టలకు మర్రిండ్రు. 1998 నుంచి 2020 దాక బార్డర్ పెట్రోల్ రాసుకున్న లెక్కల్నే దాదాపు 8 వేల మంది ఆ దిక్కు పాణం ఇడిసిండ్రు. 2022 ఒక్క ఏట్ల సచ్చిపోయినోళ్లు, ఆచూకీ లేనోళ్లు కలిపి 686 మంది అని ఐక్యరాజ్యసమితి వలసల సంస్థ రాసింది. ఎండకు నాలుక ఎండి పడిపోయినోన్ని ఎందుల రాస్తరు? దొరకలే, మర్రి పోలే, తప్పించుకోలే. శాతం చెడిపోదు. 2019 జూన్‌ల అరిజోన ఎడారిల ఆరేండ్ల పంజాబీ బిడ్డ నీళ్లు లేక సచ్చిపోయింది. 2022 జనవరిల కెనడా దిక్కు మంచుల గుజరాత్ కుటుంబం నలుగురు, ఇద్దరు పిల్లలతోటి సహా, గీతకు కొంచెం దూరంల గడ్డకట్టి దొరికిండ్రు. భద్రత కొలిసే తక్కెడల ఈ పాణాలకు బాటు లేదు. నాకు దీని మీదనే కోపం ఎక్కువ.

ఇగ మన చిన్నాయిన కొడుకు సంగతి. 2013ల అమెరికా సెనేట్‌ల ఒక పెద్ద బిల్లు వచ్చింది, దాని నంబరు 744. రెండు పార్టీలోళ్లు, ఎనిమిది మంది సెనేటర్లు కూసొని తయారు చేసిండ్రు. కాగితాలు లేకుండ బతుకుతున్న దాదాపు కోటీ పది లక్షల మందికి ఒక తొవ్వ ఇచ్చుడు అండ్ల పెద్ద ముచ్చట. మనకు సంబంధించిన ముచ్చట కూడ ఉన్నది. ఉద్యోగం మీద ఇచ్చే గ్రీన్ కార్డులల్ల ఏ ఒక్క దేశానికీ 7 శాతం దాటొద్దు అనే నిబంధనను తీసేసుడు. హెచ్-1బి వీసాలు 65 వేల నుంచి మొదలే లక్షకు పైన పెంచుడు. ఆ 7 శాతమే మనోళ్ల మెడకు గుదిబండ. చిన్న దేశానికీ అంతే, నూట నలభై కోట్ల దేశానికీ అంతే.

ఆ బిల్లు కాడ లడాయి మొత్తం ఒక్క ప్రశ్న మీదనే తిరిగింది. బార్డర్ భద్రమైంది అని సర్టిఫికెట్ రానిది ఎవ్వరికీ గ్రీన్ కార్డు తొవ్వ తెరవొద్దు అన్నరు. దేన్ని చూసి సర్టిఫికెట్ ఇయ్యాలె? టెక్సస్ సెనేటర్ జాన్ కోర్నిన్, 90 శాతం ఎఫెక్టివ్‌నెస్ రేటు వచ్చినంకనే అన్నడు. పైన లెక్క చూసిండ్రు కదా, ఆ రేటు ఎటు పోతదో దేవునికే ఎరుక. వచ్చే సర్కారు తప్పించుకున్నోళ్ల అంచనాను జర పెంచితే చాలు, కోటి మంది బతుకులు ఆగిపోతయి. ఆ సవరణ ఓడిపోయింది. దాని బదులు ఇంకో సవరణ గెలిసింది. లెక్క పెట్టగలిగేటియే పెట్టిండ్రు: 38,405 మంది బార్డర్ పెట్రోల్ జవాన్లు, 700 మైళ్ల కంచె, ఇంకిన్ని మిషన్లు. వీటికి దాదాపు 46 బిలియన్ డాలర్లు. జవాన్లను కొలువుల పెట్టినం, కంచె కట్టినం అని శాఖే రాసిస్తే సర్టిఫికెట్.

మొదటిదాని తోటి పోలిస్తే ఇది నయమే, మనిషి ఎన్నడూ తెగని లెక్కకు కట్టువడి ఉండడు. గని కంచె కట్టుడు వేరు, భద్రమగుడు వేరు. ఇది మనకు కొత్తగ చెప్పాల్నా? 2019 అక్టోబర్ 2 నాడు దేశంల ఊర్లన్ని బహిరంగ మలవిసర్జన లేనియి అయినయి అని ప్రకటించిండ్రు. కట్టిన మరుగుదొడ్లు, దిగిన ఫొటోలు లెక్క పెట్టి ఇచ్చిన సర్టిఫికెట్. ఆ నవంబర్‌ల బయటికొచ్చిన జాతీయ శాంపిల్ సర్వే, 2018 రెండో సగంల చేసింది, ఊర్లల్ల 71 శాతం ఇండ్లకే మరుగుదొడ్డి అందుబాటుల ఉన్నది అని చెప్పింది. మా దిక్కు చాన ఇండ్ల కాడ అండ్ల కట్టెలు, పిడకలు నిండి ఉన్నయి. సర్టిఫికెట్ అబద్ధం అనను, అది ఇంకో ప్రశ్నకు జవాబు అంట.

2013 జూన్ 27 నాడు సెనేట్‌ల ఆ బిల్లు 68కి 32 ఓట్ల తోటి పాసైంది. ప్రతినిధుల సభల స్పీకర్ జాన్ బోనర్ దాన్ని ఓటుకే తీస్కరాలే. వద్దన్నోళ్ల నోట్ల మొదటి మాట 'ముందు బార్డర్, తర్వాతనే ఏదైనా'. అట్ల బిల్లు సచ్చిపోయింది. దాంతోటే 7 శాతం కథ కూడ ఆగిపోయింది. ఇయ్యాల్టికీ అదే 7 శాతం. బార్డర్ ఎన్నడూ దొంగతనంగ దాటని, విమానం ఎక్కి శంషాబాద్‌ల ముద్ర ఏయించుకొని పోయినోళ్ల ఫైలు, ఏ ఎడారిలనో అడుగులు లెక్క పెట్టే టైరు కింద పడి నలిగింది.

అప్పుడు బార్డర్ నిజంగనే అంత ఘోరంగ ఉండెనా? ఆ శాఖోళ్లే 2017ల ఒక నివేదిక ఇచ్చిండ్రు. కనవడకుండ దాటి లోపలికి పోయినోళ్లు 2006ల 8 లక్షల 51 వేలు అయితే, 2016ల 62 వేలు అని అంచనా. అంచనానే, గని ఒక్క అంకె మీద ఆధారపడలే. మల్ల మల్ల దొరికేటోళ్ల లెక్క, దళారీలు అడిగే పైసలు, అసొంటియి కూడ చూసిండ్రు. దాటుడు ఎన్నడూ లేనంత కష్టమైంది అని తేల్చిండ్రు. అదే 2016ల 'గోడ కడత' అని తిరిగినాయన ఎన్నిక గెలిసిండు. కొలత ఒక తొవ్వ, భయం ఒక తొవ్వ.

ఇంకొకటి. వీసా మీద పోయి, తారీఖు దాటినా రానోళ్లు ఏ గోడా దూకలే. 2016ల అసొంటియి 7 లక్షలకు పైన లెక్క తేలినయి, ఆ ఏడు కనవడకుండ దాటినోళ్ల అంచనాకు పది రెట్లకు పైన. మనోళ్లు చిక్కువడేది ఎక్కువ ఈడనే. 2019 జనవరిల మిషిగన్‌ల ఫార్మింగ్టన్ అని ఒక ఉత్తుత్తి యూనివర్సిటీని అమెరికా సర్కారే నడిపి, అండ్ల పేర్లు రాసుకున్నోళ్లను పట్టుకున్నది. మొదటి దెబ్బకు అరెస్టయిన విద్యార్థులల్ల 129 మంది భారతీయులు. అండ్ల తెలుగు పిలగాండ్లు మస్తుమంది. ఏ ఎఫెక్టివ్‌నెస్ రేటుల వాళ్లున్నరు? వాళ్ల బార్డర్ కన్సల్టెన్సీ ఆఫీసుల ఉండె.

ఇప్పటి సంగతికొస్తే, అంకెలు పడిపోయినయి, అది నిజం. 2023 డిసెంబర్ ఒక్క నెలల్నే దక్షిణ బార్డర్ కాడ దాదాపు రెండున్నర లక్షల మందిని పట్టుకున్నరు. 2025 మార్చిల 7 వేల పైచిలుకు. దీన్ని ఒప్పుకోనోడు మోసం చేస్తున్నట్టే. 2024ల్నే మెక్సికో కట్టడి చేసి, బైడెన్ శరణు నిబంధనలు బిగించినప్పటికెళ్లి తగ్గుడు సురువైంది. 2025 జనవరి 20 నాడు ట్రంప్ బార్డర్ కాడ శరణు తలుపే మూసిండు. పోలీసోళ్ల ముంగటికి వచ్చి నిలబడేటోళ్లే లేకుంట పోయిండ్రు. చరిత్రల ఎన్నడూ లేనంత భద్రం అని శాఖ చెప్పుకుంటున్నది. అదే జనవరి 20 నాడు అదే బార్డర్ మీద జాతీయ ఎమర్జెన్సీ పెట్టిండ్రు. అదే ఏడు జులై 4 నాడు గోడకు 46.5 బిలియన్ డాలర్లు మంజూరు చేసిండ్రు. ఎన్నడూ లేనంత భద్రమైతే ఇంత పైసలెందుకు? ఇంత పైసలు కావాల్నంటే ఇంక భద్రం కాలేదనే కదా? రెండు మాటలూ ఒక్క నోట్లకెళ్లే వస్తున్నయి.

2025 ఫిబ్రవరి 5 నాడు మిలిటరీ విమానంల 104 మందిని సంకెళ్లేసి అమృత్‌సర్‌ల దించిండ్రు. ఎక్కువ మంది పంజాబ్, హర్యానా, గుజరాత్ పిలగాండ్లు. భూమి అమ్మి, ఇండ్లు కుదువబెట్టి ఏజెంట్లకు నలభై యాభై లక్షలు కట్టినం అని ఏడ్చిండ్రు. ఆ ఏజెంట్లు మన దిక్కు కూడ తిరుగుతరు. బార్డర్ భద్రమైందట, దాటుడు కష్టం అని ఎవడన్న అంటే వాళ్లకు అది వ్యాపారమే. కష్టమైనకొద్దీ రేటు పెరుగుతది. శాఖ వాళ్లు దళారీ రేటు పెరిగితే భద్రత పెరిగినట్టు అని రాసుకుంటరు. ఆ రేటు కట్టేటోడు ఏ ఎకరం అమ్మిండో ఆ కాగితం మీద ఉండదు.

ట్రంప్ 2017 జనవరిల ఇచ్చిన ఆర్డర్‌ల, 2006 చట్టంల ఉన్న నిర్వచనాన్నే మల్ల ఎత్తి రాసిండు. 2025ల ఇచ్చిన ఆర్డర్‌ల 'సంపూర్ణ' ఆపరేషనల్ కంట్రోల్ కావాలె అన్నడు. నెలకు ఏడు వేల మంది దొరుకుతున్నరంటే, దాటే ప్రయత్నం ఆగలేదన్నట్టే, కనవడకుండ పోయినోళ్లు కొందరన్నా ఉన్నట్టే. మయోర్కస్‌ను బోనులకు ఎక్కించిన బోర్డును తెచ్చి ఇప్పటి మంత్రి ముంగట పెడితే కూడ జవాబు మారదు. ఇప్పటిదాక ఆ సభల ఆ బోర్డు మల్ల పట్టుకొచ్చే తొందర ఎవ్వరికీ కనవడుత లేదు.